పాదాల సెలవు చీటీ

సోమవారం ఉదయం ఏడు గంటలకు కొప్పిశెట్టి వరహాలరావు పాదాలు రెండూ మంచం పక్కన సెలవు చీటీ పెట్టి, ఒకదాని వెనక ఒకటి మెట్లు దిగి వెళ్లిపోయాయి. పద్ధతి ప్రకారం చీటీ రెండు ప్రతుల్లో ఉంది. ఎడమది రాసింది, కుడిది బొటనవేలి ముద్ర వేసింది.

వరహాలరావు కాకినాడ రిజిస్ట్రారాఫీసులో సీనియర్ అసిస్టెంటు. అర్జీ అంటే ఆయనకు గౌరవం. కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివాడు.

‘అయ్యా, నేల సంగతులు తమకు పంపడం మా ఉద్యోగం. రెండేళ్లుగా నరాల తీగలు పాడై మా కబుర్లు పైకి చేరడం లేదు. మొన్న మేకు గుచ్చుకుంది. తెలియజేశాం. జవాబు లేదు. తీగల బాగుకు బి12 విటమిన్ కావాలి. తమరు ఏళ్ల తరబడి వేసుకుంటున్న షుగరు మాత్ర దాన్ని గుమ్మంలోనే ఆపేస్తోందని అనుమానం. మాత్ర మంచిదే, మానమనడం లేదు. రక్తపరీక్షకు తమరు రారు గనుక మేమే పోతున్నాం. ఇట్లు, విధేయులైన పాదములు.’

“చూశావా సత్యవేణీ, ఏం డ్రాఫ్టింగో! ఎంతైనా నా పాదాలు!” అని భార్యకు చూపించాడు.

“డ్రాఫ్టింగు మండిపోను! మేకు గుచ్చుకుంటే చెప్పొద్దాండీ?”

“నాకు తెలిస్తే గదే చెప్పడానికి.”

ఆయన గర్వమంతా షుగర్లో ఉంది. తొమ్మిదేళ్లుగా పరగడుపున నూరు దాటలేదు. ప్రతి ఆదివారం రిపోర్టును వాకర్స్ క్లబ్బు బోర్డుకు గుచ్చుతాడు. తీపి జ్ఞాపకాలు వచ్చినా నెమరెయ్యడు. తొమ్మిదేళ్ల కిందట డాక్టరు రాసిచ్చిన చీటీని అదే రోజు లామినేషన్ చేయించాడు. వెనకవైపు బోసిగా ఉండకూడదని అంతకుముందే తన ఫొటో ఉన్న క్లబ్బు సర్టిఫికెట్టు అతికించాడు. అప్పట్నుంచి డాక్టరు మొహం చూడలేదు. మందుల షాపు కామేశం ఆ మెరుపు చూసి, నమస్కారం పెట్టి, మాత్రలు ఇచ్చేస్తాడు.

సత్యవేణి ఆ చీటీని కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుంది. “వెనకాల డాక్టరుగారి రాతుందండీ! ‘ఏడాదికోసారి వచ్చి బి12...’ ఆపైన ఫొటోలో మీ ముక్కు అడ్డొస్తంది. ఉండండి, కత్తెర తెస్తాను.”

“కత్తెరా! కోస్తే పాడైపోదూ? ఆదివారం క్లబ్బులో నా సన్మానంలో చూపించాలే!”

బుధవారం ఆస్పత్రి కౌంటరు నుంచి ఫోను వచ్చింది. “మీ పాదాలు టోకెను ముప్పై ఏడు తీసుకుని కూచున్నాయండి. రక్తం తియ్యాలంటే మనిషి రావాలి కదండీ. ఆలస్యమైతే తీగలు మళ్లీ అతకవంటున్నారు డాక్టరుగారు.”

“ఆదివారం సన్మానముందమ్మా. అయ్యాక చూద్దాం.”

“సరేనండి. ఇంకో నలభై జతలున్నాయి ఇక్కడ. అన్నీ మీ క్లబ్బువేనంట.”

మా క్లబ్బు క్రమశిక్షణే వేరని వరహాలరావు మురిసిపోయాడు.

ఆదివారం బూట్లలో పాత పేపర్లు కూరుకుని, సత్యవేణి భుజం పట్టుకుని స్టేజీ ఎక్కాడు. అధ్యక్షుడు మైకందుకుని, “షుగర్ని పాదాక్రాంతం చేసుకున్న మహానుభావుడు!” అన్నాడు. చప్పట్లు మోగాయి. శాలువా కప్పారు. లామినేషన్ చీటీని ఎత్తి చూపిస్తే లైట్లకు తళుక్కుమంది.

క్లబ్బులో కొత్తగా చేరిన ముత్యాలనాయుడు పాదాభివందనానికి వంగాడు. వేళ్లు బూట్లలోకి దిగి పేపరు కరకరలాడింది. అతను కంగారు పడలేదు. తన బూట్లలోనూ అదే ఉంది. ఆ వేళ్లనే కళ్లకద్దుకున్నాడు.

వరహాలరావు నిండుగా దీవించాడు. అతని చెయ్యి కాళ్లకు తగిలిందో లేదో తెలియలేదు. తెలియక రెండేళ్లయింది కాబట్టి కొత్తగా ఏమీ అనిపించలేదు.

స్టేజీ దిగుతూ జేబు తడుముకుంటే ఇంకో చీటీ ఉంది. ఈసారి చేతివేళ్లు పెట్టుకున్న సెలవు అర్జీ. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

“దీన్ని కూడా లామినేషన్ చేయించాలే,” అన్నాడాయన.