తూము దగ్గర మొక్కుబడి

ఆ రోజు పొద్దున అన్సెల్మో వేసుకున్న పథకం చాలా చిన్నది. బండి అడుగున ట్యాంకులో నిండిన మురికినీళ్ళను క్యాంపు తూములో పారబోయాలి. తర్వాత తీరిగ్గా మాతే ఆకుల టీ తాగాలి. ఆ తర్వాత సముద్రానికి బయలుదేరాలి. వీటిలో మొదటిదే కష్టమని అతనికి తెలుసు. మిగతా రెండూ మనసులో ఎన్నోసార్లు చేసేసిన పనులే.

హాచల్ ఊరి సినిమా హాల్లో జీవితమంతా ప్రొజెక్టర్ నడిపిన మనిషి అన్సెల్మో. తెరమీద సముద్రం ఎన్ని వందలసార్లు పొంగినా అతని కాలికి ఒక్క చుక్క తగల్లేదు. అందుకే ఉద్యోగం అయిపోగానే ఒక పాత మోటార్‌హోమ్ కొన్నాడు. వంటిల్లు, మంచం, స్నానాల గది అన్నీ చక్రాల మీదే ఉన్న ఆ ఇల్లు ఇప్పటికీ శాన్ హువాన్ కొండలు దాటలేదు. జలాశయం ఒడ్డున ప్రయాణికులు దిగే క్యాంపులో, పోప్లార్ చెట్ల నీడలో ఆగి ఉంది. తలుపు తీస్తే కంపు కొడుతోంది.

"సాయంత్రం మా తమ్ముడు ఒరాసియో వస్తున్నాడు," అంది అతని భార్య నెలిదా, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని. "వాడొచ్చేలోపు ఆ నీళ్ళు తూములో పడాలి. పడలేదో, తాళాలు వాడికే ఇచ్చేస్తా. బస్టాండులో పెట్టుకుని సాసేజీ రొట్టెలు అమ్ముకుంటాడు."

"మరి సముద్రం?"

"సముద్రం ఎక్కడికీ పోదు. నువ్వే లేచి పోవాలి. అదే కదా జరగనిది!"

అన్సెల్మో వెంటనే ట్యాంకు నీళ్ళు వదిలే పైపు కోసం వెతికాడు. అది కిందటి క్యాంపులో కంచె మీద వేలాడుతోందని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు నీటి అంచున ఒంటికాలి మీద నిలబడ్డ కొంగను చూస్తూ అతను దాన్ని మరిచిపోయాడు. కొంగ మాత్రం స్పష్టంగా గుర్తుంది.

పైపు లేకుండా బండిలోంచి నీళ్ళు తూములో పడవు. అతను క్యాంటీన్ వెనక కుప్పలోంచి ఆకుపచ్చ సోడా సీసాలు ఏరుకొచ్చాడు. బండి కిందికి దూరి వాల్వు కొద్దికొద్దిగా తిప్పుతూ ట్యాంకంతా సీసాల్లోకి దింపుకున్నాడు. అంట్లు తోమిన నీళ్ళు, ఆదివారంనాటి ఉల్లిపాయలు, నెలిదా లావెండర్ సబ్బు నురగ. మధ్యమధ్యలో సీసా ఎత్తి ఎండకు పట్టి, ఆ ఆకుపచ్చలో అలలు వెతికాడు. దాంతో పొద్దు నడినెత్తికొచ్చింది.

తూముకు దుమ్ము పడకుండా, కుక్కలు దూరకుండా క్యాంపు యజమాని ఎలీసెయో చుట్టూ ఇటుకలతో చిన్న గూడు కట్టించాడు. ముందు కమాను, పైన కప్పు, తెల్లటి సున్నం, ముచ్చటగా ఉంటుంది. అన్సెల్మో సీసాలన్నీ అక్కడికి చేర్చేసరికి ఎలీసెయో జాలీకి తాళం వేస్తున్నాడు.

"కునుకు వేళయ్యా. ఎండ దిగాక రా."

"ఒక్క నిమిషం ఎలీసెయో..."

"ఇప్పుడు పోశావంటే ఆ గుడగుడలకి క్యాంపంతా లేచి నా మీద పడుతుంది. పోయి పడుకో."

శాన్ హువాన్‌లో మధ్యాహ్నపు నిద్రతో వాదించి గెలిచినవాడు లేడు. అన్సెల్మో సీసాల మూతలు బిగించి, రీళ్ళు పేర్చిన అలవాటు కొద్దీ గూడు ముందు చక్కగా వరసపెట్టి, చెట్టు కింద టోపీ ముఖం మీద వేసుకుని పడుకున్నాడు. కొండల మీంచి వెచ్చటి గాలి దిగింది. ఆకులు చేసే చప్పుడు కెరటాల చప్పుడులా మారిపోయింది.

అయితే ఆ నేల మీద నీళ్ళసీసాలు ఊరికే వరసగా నిలబడవు. ఎడారిలో దాహంతో ప్రాణం వదిలి, పోయాక కూడా పసిబిడ్డకు పాలిచ్చిన కొర్రేయా తల్లికి అక్కడ దారిపొడవునా ఇలాంటి గూళ్ళే. ఆమె దాహం తీరాలని దారినపోయేవాళ్ళు సీసాతో నీళ్ళు పెట్టి మొక్కుకుంటారు. తల్లి కోరికలు తీరుస్తుంది. కానీ మొక్కు ఎగ్గొట్టినవాణ్ణి వెతుక్కుంటూ వచ్చి మరీ వసూలు చేసుకుంటుందని పిల్లలకు కూడా తెలుసు.

పక్క గుడారంలో ఉండే, అందరూ పోచా అని పిలిచే పెద్దావిడకైతే ఇంకా బాగా తెలుసు. తడిజుట్టుతో జలాశయం నుంచి వస్తూ ఆమె తెల్లగూడునీ, ముందు సీసాలనీ చూసింది. అటు తిరిగి వెళ్ళిపోవడానికి కాళ్ళు రాలేదు. తన మంచినీళ్ళ సీసా పక్కన పెట్టి, ఒక కొవ్వొత్తి వెలిగించి వెళ్ళింది. కొవ్వొత్తిని చూసి ఇంకొకరు ఆగారు. వాళ్ళను చూసి మరికొందరు.

అన్సెల్మో కళ్ళు తెరిచేసరికి ఎండ పల్చబడింది. గాలిలో సన్నటి దీపాలు తేలుతున్నాయి. సినిమా మొదలైందేమో, తను రీలు ఎక్కించడం మరిచాడేమో అని ఒక్క క్షణం కంగారుపడ్డాడు. లేచి వెళ్ళి చూస్తే గూడు కనపడనన్ని సీసాలు, ఎర్ర రిబ్బన్లు, బండ్ల పాత నంబరు పలకలు, ఒక జత పసిపిల్ల బూట్లు. ఎలీసెయో టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. వెనకాల నిండు ట్యాంకులతో బండ్లు బారులు తీరాయి. నిండిన టాయిలెట్ డబ్బా పట్టుకొచ్చిన ఒక పెద్దమనిషి దాన్ని ఎక్కడ దించాలో తెలియక, భక్తిగా తలవంచి అలాగే నిలబడ్డాడు.

"ఎలీసెయో, ఆ తూము ఒకసారి తెరిస్తే..."

"ఏ తూము? అక్కడ ఎవడైనా చుక్క పోశాడంటే చేతులు విరిచేస్తా!"

పోచా అన్సెల్మో భుజం తట్టింది. "మొదటి సీసాలు నీవే కదూ నాయనా? ఎంత శ్రద్ధగా పేర్చావూ! ఏం కోరుకున్నావు?"

"సముద్రం," అన్నాడు నిద్రమత్తులో.

ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

"అది కాదమ్మా, అవి... మా ఇంట్లో నీళ్ళు."

"విన్నారా! కొట్లో కొన్నవి కావు, సొంతింటి నీళ్ళు!"

అతను వంగి తన సీసా ఒకటి మెల్లగా పట్టుకున్నాడు. పోచా అతని మణికట్టు పట్టేసింది. "తల్లి నోటి దగ్గరి నీళ్ళు లాక్కుంటావా?"

అన్సెల్మో సీసా వదిలేశాడు. నిజం చెబితే తల్లికి అంట్లనీళ్ళు పెట్టిన పాపి. చెప్పకపోతే ఆ తల్లి ముందే అబద్ధం. ఎటు చూసినా నీళ్ళు తూములో పడలేదు కాబట్టి బండి ఒరాసియోది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బండి మెట్టు మీద కూర్చున్న నెలిదా వైపు భయంభయంగా చూశాడు. ఆమె అతని వంక ఎన్నడూ లేనంత మెత్తగా చూస్తోంది. దాంతో అతనికి భయం రెట్టింపైంది.

ఇంతలో పొగలు కక్కుతూ ఒరాసియో ట్రక్కు వచ్చి ఆగింది.

"అక్కా, తాళాలు రెడీయా? ఈ ఘాట్ రోడ్డు నా రేడియేటర్ ప్రాణం తీసింది!" అంటూ దిగి, గూడు చూసి దణ్ణం పెట్టాడు. అక్కడి ఆనవాయితీ ప్రకారం దాహమైనవాడు తల్లి దగ్గరి సీసా తీసుకోవచ్చు, తర్వాత నింపి పెడితే చాలు. ఇంజనుకు మాత్రం దాహం వేయదా? అది కాస్త చల్లారాక ముందు వరసలోని ఆకుపచ్చ సీసా అందుకున్నాడు.

"అది వద్దు ఒరాసియో!"

"ఏం బావా?"

"అది... చల్లగా లేదు."

"రేడియేటర్‌కి ఐసు వేసి ఇవ్వాలా ఏంటి!" అని సీసా మొత్తం ఒంపేశాడు.

ఇంజను స్టార్ట్ చేశాడు. ట్రక్కు రెండు గుటకలు మింగి కాసేపు ఆలోచించింది. తర్వాత మూతలోంచి తెల్లటి నురగ పొంగింది. నురగలోంచి బుడగలు లేచాయి. ముందు ఒకటీ రెండూ, తర్వాత గుంపులు గుంపులుగా. వెచ్చటి గాలి వాటిని పోప్లార్ చెట్ల మీదుగా జలాశయం వైపు తీసుకుపోయింది. ఒక్కో బుడగలో ఒక్కో చిన్న సూర్యుడు అస్తమిస్తున్నాడు. అందరూ తలలెత్తారు. టాయిలెట్ డబ్బా పెద్దమనిషి కూడా దాన్ని కింద దించి చూస్తూ ఉండిపోయాడు.

నెలిదా ముక్కు ఎగబీల్చింది. "ఇది నా లావెండర్ సబ్బు." మళ్ళీ ఎగబీల్చింది. "ఆదివారం ఉల్లిపాయలు!"

ఇక దాచి లాభం లేదు. పైపు మరిచిన సంగతి, తాళం వేసిన సంగతి, అంట్లనీళ్ళ సంగతి అన్సెల్మో తలవంచుకుని చెప్పేశాడు. ఎలీసెయో టోపీ తిరిగి పెట్టుకున్నాడు. పోచా నేల మీద కూలబడింది. అన్సెల్మో జేబులోంచి తాళాలు తీసి తనే భార్య చేతిలో పెట్టాడు.

"పని కాలేదు నెలీ. ఇచ్చెయ్."

ఒరాసియో చెయ్యి చాచాడు. నెలిదా తాళాలు గుప్పిట్లో బిగించి కదల్లేదు.

"ఆగరా. నేనూ ఒక సీసా పెట్టాను."

"ఎప్పుడు?" అన్నాడు అన్సెల్మో.

"నువ్వు గురక పెడుతున్నప్పుడు. చూస్తే ట్యాంకు ఖాళీ, అక్కడ సీసాలు. ఈ మనిషి చెప్పిన పని చేసి, పైగా మొక్కు కూడా పెట్టుకున్నాడంటే ఇంతకంటే మహిమ ఏముంటుంది అనుకున్నా. నీతో సముద్రం దాకా వస్తానని తల్లికి మాటిచ్చేశా."

"అంతా పొరపాటు కదక్కా! చెబితే తల్లి అర్థం చేసుకోదా?" అన్నాడు ఒరాసియో.

"అర్థం చేసుకుంటుంది," అంది పోచా నేల మీంచే. "వసూలు మాత్రం మానదు."

అన్సెల్మో మోకాళ్ళ మీద కూర్చుని తన సీసాలన్నీ తీసి, వాటి చోట మంచినీళ్ళ సీసాలు పెట్టి, తల్లిని క్షమాపణ అడిగాడు. అంట్లనీళ్ళు పోయడానికి ఇప్పుడు క్యాంపులో తూము లేదు. మర్నాడు పొద్దున్నే ఆ సీసాలన్నీ మంచం కింద సర్దుకుని, కిటికీలు బార్లా తెరుచుకుని, మొగుడూ పెళ్ళాలు సముద్రం వైపు సాగిపోయారు. నెలిదా ముక్కుకు తువ్వాలు ఉంది. తువ్వాలు వెనక ఆమె ఏదో పాట కూనిరాగం తీస్తోంది.

ఎలీసెయో క్యాంపు అవతలి మూల కొత్త తూము తవ్వించాడు. దానికి పైకప్పు మాత్రం వేయించలేదు.