లాల్‌దర్వాజాలో నాయిస్ రద్దు

నయాపూల్ నుంచి లాల్‌దర్వాజా దాకా నాయిస్‌ను వారం రోజుల పాటు రద్దు చేస్తున్నట్టు 2004 ఫిబ్రవరిలో ఒక సోమవారం మంత్రి అమరనాథ్ గారు ప్రకటించారు. అంతకు ముందు ఏ మంత్రికీ తట్టని దాన్ని రద్దు చేసిన ఘనత ఆయనకే దక్కింది.

ఆ ప్రకటన విని అందరికంటే ముందు ఉలిక్కిపడ్డవాడు డానియేలు. ఇరవై రెండేళ్లుగా టెలిఫోన్ కేబుళ్లు అతికే పని అతనిది. ఈ లొల్లికంతటికీ మూలమైన, కాంతిని మోసే గాజు తీగను ఆ రెండు చోట్ల మధ్య అతికింది అతనే.

అసలు సంగతి వేరే. సైంటిస్టు బిందుమాధవి లేజర్ కాంతి ఫ్రీక్వెన్సీని ఆ తీగలో ఉన్నదున్నట్టు పంపాలనుకుంది. పైన లారీ పోతే తీగ అదురుతుంది, ఎండకు సాగుతుంది, కాంతి లెక్క తప్పుతుంది. అదే ఫేజ్ నాయిస్.

"కొంత కాంతిని వెనక్కి రప్పిస్తాం సర్. దారిలో దానికేం తగిలిందో చూసి, ఆ మేరకు ఇక్కడే ముందుగా సరిదిద్ది పంపుతాం" అని ఆమె ఆ ప్రకటనకు ముందే మంత్రిగారికి విన్నవించింది.

"పోయి, మళ్లీ వెనక్కొచ్చి, ఏం జరిగిందో చెప్తుందా?" మంత్రిగారు నిజంగానే ఆశ్చర్యపోయారు. ఆయన రంగంలో అలాంటి అలవాటు లేదు. "కాంతికి అంత శ్రమ ఎందుకమ్మా? నాయిస్ సంగతి నేను చూసుకుంటాను."

చూసుకున్నారు. మంగళవారం బ్యాండు మేళాలు, ఉస్మాన్‌గంజ్ లారీలు ఆగిపోయాయి. దడదడమంటుందని నీళ్ల ట్యాంకరూ ఆగిపోయింది. ఉల్లిగడ్డలమ్మేవాడు ధర కాగితం మీద రాసుకుని గడపగడపకూ చూపించాడు. గురువారం డ్యూటీలో తుమ్మినందుకు ఒక ఎస్సైకి మెమో అందింది. పాలన ఇంత చురుగ్గా సాగడం డానియేలు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

శుక్రవారం పొద్దున అతని భార్య పుష్పమ్మ ఖాళీ బిందె తెచ్చి ముందు పెట్టింది.

"నాలుగు దినాలాయె నీళ్లు లేక. రేపు మంత్రి మీ ఆఫీసుకే వస్తుండట గదా. ఒక్క మాట చెప్పరాదు?"

"కేబుల్ అతికేటోని మాట మంత్రి ఇంటడా?"

"నువ్వు చెప్పకుంటే నేనే వస్త. నాకేం ఫికర్."

డానియేలుకు మాత్రం మస్తు ఫికరైంది.

శనివారం డానియేలు పనిచేసే లాల్‌దర్వాజా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో డెమో. తీగలో కాంతి ఎంత అదిరిందో చూపే కంప్యూటర్ తెర మీద తిన్నని గీత. బిందుమాధవి మెషీన్ ఆన్ చేసింది. తిన్నని గీతే. ఆఫ్ చేసింది. ఇంచుమించు అదే గీత.

"మరి ఈ మెషీనెందుకు?" అన్నారు మంత్రిగారు.

"రోడ్డు మీద చడీచప్పుడు లేదు సర్. రద్దు చేయడానికి నాయిస్ మిగల్లేదు."

మంత్రిగారు క్షణం ఆలోచించి పీఏ వైపు తిరిగారు. "వెంకటనారాయణా, అర్జెంటుగా నాయిస్ తెప్పించు."

వెంకటనారాయణ ఫోన్లు చేశాడు. పని లేక బ్యాండువాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు. లారీలు రావాలంటే కొత్త ఉత్తర్వు కావాలి. అతను చెమటలు తుడుచుకుంటుండగానే సందులోంచి పెద్ద మోత లేచింది. పుష్పమ్మ, వెనక నలభై మంది ఆడవాళ్లు. కేబుల్ గుంత ఇనుప మూత మీద ఖాళీ బిందెలతో బాదుతున్నారు.

"నీళ్లియ్యాలె! నీళ్లియ్యాలె!"

తెర మీద గీత పూనకం వచ్చినట్టు ఊగిపోయింది.

"శభాష్! ఇంత తొందరగా ఎలా ఏర్పాటు చేశావయ్యా?" అన్నారు మంత్రిగారు. వెంకటనారాయణ వినయంగా తల వంచాడు.

బిందుమాధవి మెషీన్ ఆన్ చేసింది. గీత స్కేలు పెట్టి గీసినట్టయింది. అందరూ చప్పట్లు కొట్టారు. బయట బిందెల మోత మాత్రం ఆగలేదు.

"సర్, వాళ్లు నీళ్లడుగుతున్నారు" అంది బిందుమాధవి.

మంత్రిగారు తెరను శ్రద్ధగా చూశారు. "ఎక్కడమ్మా?"



వెంకటనారాయణ అప్పటికే రిపోర్టు రాసేశాడు. 'స్థానికుల ఫిర్యాదులు: లేవు.' స్థానిక సిబ్బంది సంతకం కావాలట. కాగితం డానియేలు చేతికొచ్చింది. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి కేక వినిపించింది.

"ఓ డానియేలూ! లోపల్నే ఉన్నవని ఎరుకే! గా మంత్రిని బయటికి తోల్కరా!"

"ఎవరయ్యా ఈ డానియేలు?" అన్నారు మంత్రిగారు.

డానియేలు కిటికీకి వీపు తిప్పాడు. "తెల్వదు సార్."

"సరే, సంతకం పెట్టు."

ఎవరికీ అర్థం కాని గీత ఒకటి గీశాడు.

"కింద పేరు కూడా రాయాలి" అన్నాడు వెంకటనారాయణ.

బయట మోత, ఎదుట మంత్రి. ఆ క్షణంలో డానియేలుకు తట్టిన పేరు ఒక్కటే. గుండ్రటి అక్షరాలతో 'పుష్పమ్మ' అని రాశాడు.

వెంకటనారాయణ చదవకుండానే సీలు వేశాడు.