గడప దాటని పులిహోర

ఉన్న మాట చెప్పడానికి గొంతు పెంచవలసిన అవసరం ఏమిటి? ఈ ప్రశ్న నాకు నేను వేసుకున్నప్పుడల్లా నర్సీపట్నంలో మా వీధి సూర్యప్రకాష్ మాస్టారు గుర్తొస్తారు. ముప్పై ఏళ్లు బడిపిల్లల చేత డ్రిల్లు చేయించిన మనిషి. విజిల్ వదిలేసి మూడేళ్లయినా ఆయన గొంతు మాత్రం ఇంకా మైదానంలోనే ఉండేది.

కిందటి నెల మాస్టారూ, ఆయన భార్య రాజేశ్వరీ బాప్తిస్మం తీసుకున్నారు. వీధిలో ఎవరికీ చెప్పలేదు. మొదట చెప్పవలసింది ఎదురింటి అప్పలకొండమ్మకేనని మాస్టారి పట్టుదల. ఆయన కాలు విరిగి మంచం పట్టిన మూడు నెలలూ పూటపూటా అన్నం మోసుకొచ్చింది ఆవిడే. తనకు దొరికిన నెమ్మది ఆవిడకూ దొరకాలని ఆయన నిజంగానే కోరుకున్నారు. అందుకే ఆ శనివారం ఉదయం ఆయన అనుకున్న పని ఒక్కటే: మరునాటి ప్రార్థనకు ఆవిడను పిలవడం.

నాతవరంలో పుట్టింటికి బయలుదేరిన రాజేశ్వరి సంచీతో గుమ్మంలో ఆగింది.

"నిన్న ఎదురింటప్ప ఉపమాక గుడికి ఎల్లొచ్చింది. ప్రసాదం పులిహోర తెస్తాది. వొద్దనాలంటే నవ్వుతా సెప్పండి. మీ డ్రిల్లు గొంతు బయటెట్టకండి."

"నాకు తెల్దేటి? నువ్వు బేగి ఎల్లు."

ఆమె ఆటో ఎక్కిన పావుగంటకు అప్పలకొండమ్మ స్టీలు డబ్బాతో వచ్చింది. మొదట గట్టిగా కదిలించి, తరువాత మెత్తగా వివరించాలన్నది మాస్టారి పథకం. చేతులు కట్టుకుని గేటుకు అడ్డంగా నిలబడ్డారు.

"అప్పా, ఆగక్కడ! ప్రసాదం మా గడప దాటకూడదు. ఎనక్కి పట్టుకెళ్లిపో!"

మెత్తని భాగం మొదలయ్యేలోగా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్లనీళ్లతో వెనుదిరిగింది. మాట మనసుకు తగిలిందని మాస్టారు తృప్తిపడ్డారు.

తగిలింది, కానీ వేరే చోట. ప్రసాదం గడప దాటకూడదని ఏ ఇంట్లో అంటారు? మైల వచ్చిన ఇంట్లో. రాజేశ్వరి పొద్దున్నే నాతవరం ఆటో ఎక్కడం అప్పలకొండమ్మ చూసింది. రాజేశ్వరి తల్లి అక్కడ ఏడాదిగా మంచంలో ఉందనీ ఎరుగును. పాపం, ముసలామె పోయింది. ఆ మాట వీధి చివరికి చేరేసరికి పాలవాడు కూడా కళ్లు తుడుచుకుంటున్నాడు.

పది గంటలకల్లా టెంట్‌హౌస్ గణేశ్వరరావు ఇరవై ఎర్ర కుర్చీలు దింపాడు. అతను ఒకప్పుడు మాస్టారి దగ్గర డ్రిల్లు చేసినవాడు. ఆడవాళ్లు కాఫీ ఫ్లాస్కులతో వచ్చి మౌనంగా కూర్చున్నారు. తలుపు తీసిన మాస్టారికి వీధి వీధంతా తల వంచుకుని కనిపించింది. గేటు దగ్గరి ఒక్క మాట ఇంత పని చేసిందా! ఆయన ఒళ్లు పులకరించింది. అరుగు ఎక్కారు.

"ఇన్నాళ్లూ ఏం చేశారు మీరంతా? ఒక్కరికైనా సిగ్గుందా? రేపన్నది మీ చేతిలో ఉందా?"

"నేదు బాబూ, ఎవల సేతిలోనూ నేదు," అని ఒకావిడ ముక్కు చీదింది.

ఆయన గొంతు ఇంకా పెంచారు. మూఢులన్నారు. రాతిగుండెలన్నారు. ఎవరూ కోపగించుకోలేదు. గణేశ్వరరావు మెల్లగా వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"తిట్టండి మాస్టారూ, ఎంత కావాలంటే అంత తిట్టండి. లోపల మాత్రం ఎట్టుకోకండి."

అప్పలకొండమ్మ కాఫీ గ్లాసు చేతికిచ్చింది. "గొంతు తడుపుకో తమ్ముడూ. తర్వాత తిడుదువుగాని."

మాస్టారు మొట్టమొదటిసారి వాక్యం మధ్యలో ఆగిపోయారు.

అప్పుడే నాతవరం నుంచి తిరిగొచ్చి ఆటో దిగిన రాజేశ్వరి, తన ఇంటి ముందు కుర్చీలనూ కొంగులతో కళ్లొత్తుకుంటున్న ఆడవాళ్లనూ చూసి సంచీ వదిలేసింది.

"బాబోయ్! మా ఆయనకేటయిపోనాది?"

"నాకేటీ అవనేదు!" అని అరుగు మీంచి మాస్టారు అరిచారు.

అప్పలకొండమ్మ తెల్లబోయింది. "మరి మీ యమ్మకి?"

"మా యమ్మకేటి? రెండిడ్లీ తిని, నన్ను నాలుగు తిట్టి పంపింది."

మిగిలిన సంగతి రాజేశ్వరి చెప్పేసింది. బాప్తిస్మం మాట విని ఎవరూ ఉలిక్కిపడలేదు. గణేశ్వరరావు కుర్చీలు ఒకదానిలో ఒకటి పేర్చుతూ, "అయితే ఆ తిట్లన్నీ నిజంగా మాకేనా మాస్టారూ?" అని మాత్రం అడిగాడు.

అప్పలకొండమ్మ నవ్వలేదు. "నీ దేవుడు నీ ఇష్టం తమ్ముడూ. వొద్దప్పా అంటే సరిపోయేది. నన్ను గేటు కాడ ఆపీసావు." వీధి దాటి వెళ్లి తలుపు వేసుకుంది.

మాస్టారు ఖాళీ అరుగు మీద కూర్చున్నారు. చేతిలో కాఫీ చల్లారిపోయింది. ప్రేమను గురించి చెప్పడానికి లేచిన తాను తిట్టారు. ఆ తిట్లు తింటూ వాళ్లు కాఫీ పోశారు. ఆ అరుగు మీద ప్రసంగించిందెవరో, వినవలసిందెవరో ఆయనకు ఇప్పుడు తెలుస్తోంది. మరునాటి పిలుపు మాట అటుంచి, ఆ మూసిన తలుపు రేపటికి గోడ అవుతుంది.

ఆయన లేచారు. చెప్పులు కూడా తొడుక్కోకుండా వీధి దాటి, ఎదురింటి గడప ముందు నిలబడి, ముప్పై ఏళ్లలో ఎవరూ ఎరగని మెత్తని గొంతుతో పిలిచారు.

"అప్పా, తప్పయిపోయింది. ఆకలేస్తంది. ప్రసాదం కాకుండా కూసింత అన్నం పెట్టు."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

"ఇనబడనేదు తమ్ముడూ. కాస్త గట్టిగా సెప్పు!"