ఫిర్యాదు మూడుసార్లు ముగిసింది

నిశ్శబ్దాన్ని సైతం ఫైలు నంబరు వేసి పద్ధతి ప్రకారం నడిపించగల దక్షత ఈ భూమండలంలో మా డిజిటల్ పాఠాల శాఖకే దక్కిందని సవినయంగా ప్రకటిస్తున్నాను. నమ్మనివారు గరిడేపల్లి దగ్గర నేను తెలుగు చెప్పే బడికి వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని వినవచ్చు. (ఏమీ వినపడదు. అదే రుజువు.)

ఆ కంప్యూటర్‌లో ఉన్నది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. ఊరికే వస్తుంది కాబట్టి శాఖకు దాని మీద ప్రేమ ఎక్కువ. పోయిన నెల అది తనంతట తానే అప్‌డేట్ అయింది. ఆ సందడిలో సౌండ్ కార్డును పలికించే మాడ్యూల్ అనే చిన్న ముక్క లోడ్ కావడం మానేసింది. అప్పటినుంచి వీడియోలో సారు చేతులు ఊపుతాడు, నోరు కదుపుతాడు, మాట మాత్రం రాదు. మిగతా పిల్లలకు ఇది పండగే. తొమ్మిదో తరగతి చాందీకి కాదు. ఆ పిల్లకు చూపు లేదు. మా బడిలో సోషల్ టీచర్ పోస్టు ఖాళీ కాబట్టి ఆ వీడియోలు వినే చదువుకుంటుంది. సోమవారం సోషల్ పరీక్ష. (పాఠాలను ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయంతో, ఆ ఒక్క కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోకుండా తాళం వేశారు.)

మా లెక్కల టీచర్ జ్యోత్స్నకు మందు తెలుసు. ఒక్క లైన్ కమాండ్ కొట్టి అడ్మిన్ పాస్‌వర్డ్ ఇస్తే చాలు. ఆ పాస్‌వర్డ్ సూర్యాపేటలో రామ్మూర్తి అనే అధికారి దగ్గర ఉండేది. ఆయనకు మిర్యాలగూడ బదిలీ అయింది. పాస్‌వర్డ్ కూడా ఆయనతోపాటే రిలీవ్ అయింది. మిర్యాలగూడ వేరే జిల్లా కనుక, అంతర్ జిల్లా మాడ్యూల్ లోడింగ్ అనుమతి పత్రం నాలుగు ప్రతుల్లో పెట్టాలి. సౌండ్ రావడం లేదనడానికి రుజువుగా ఆడియో రికార్డింగు జతచేయాలి. జ్యోత్స్న అన్నీ పెట్టింది. "రికార్డింగులో ఏమీ వినపడుటలేదు, స్పష్టమైనది పంపగలరు" అని తిప్పి పంపారు.

చివరికి ఫిర్యాదు కోదాడలోని శాఖ సహాయ కేంద్రానికి చేరింది. అక్కడి టెక్నీషియన్ సాయిచరణ్ తన కుర్చీలోంచే మా కంప్యూటర్ తెర చూడగలడు, పాస్‌వర్డ్ అక్కర్లేకుండానే అందులో కమాండ్ కొట్టగలడు. (వినలేడు. కోదాడ దాకా బొమ్మే వెళ్తుంది.)

"వీడియో బ్రహ్మాండంగా ఆడుతోందండి మేడం. మనిషి కదులుతున్నాడుగా!" అన్నాడు ఫోన్‌లో.

"కదులుతుండు సార్, మాటనే వస్తలేదు. జర ఆ మాడ్యూల్ లోడ్ చేయుండ్రి, ఒక్క లైనే," అంది జ్యోత్స్న.

"నా ఫారంలో ఒకటే ప్రశ్నండి. వీడియో ఆడుతోందా, లేదా? ఆడుతోంది. క్లోజ్ చేసేస్తున్నానండి."

అలా మూడుసార్లు క్లోజ్ చేశాడు. మూడుసార్లూ మా సంతృప్తిని అడుగుతూ మెసేజ్ వచ్చింది. దానికింద 'అవును' అనే బటన్ ఒక్కటే ఉంది.

చాందీ మాత్రం రోజూ వచ్చి కంప్యూటర్ ముందు కూర్చునేది.

"టీచర్, ఇయ్యాల మాట్లాడుతదా?"

"రేపు మాట్లాడుతది బిడ్డా," అని జ్యోత్స్న, మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కనబెట్టి, పుస్తకం తెరిచి తానే చదివి వినిపించేది. ఆరు పాఠాల్లో రెండయ్యాయి. పక్క బెంచీ మీద కూర్చుని నేను తీరిగ్గా భోంచేశాను. నాకు సిగ్గేసింది. (సిగ్గుకు ఫారం లేదు. ఉంటే అదీ నాలుగు ప్రతుల్లో పెట్టి నా బాధ్యత ముగించేవాణ్ణి.)

శనివారం శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. చూపులేని విద్యార్థిని ఇబ్బందిని మానవతా దృక్పథంతో పరిశీలించారట. శబ్దానికి బదులుగా ఇకపై పాఠం మొత్తం తెర మీద అక్షరాల్లో వస్తుందట. విద్యార్థిని చూపు సమస్య దృష్ట్యా అక్షరాలను రెట్టింపు సైజులో పెట్టారట. చాందీ వాటిని స్వయంగా చూసి, చక్కగా కనిపిస్తున్నాయని సంతకం చేసి, సోమవారంలోగా పంపాలట.