శని దాటిన యంత్రం, బీరువా దాటని పుస్తకం

నగర గ్రంథాలయంలో గడచిన పద్దెనిమిదేళ్లలో ఒక్క పుస్తకమైనా నలగలేదని, ఒక్క పేజీ అయినా చిరగలేదని వార్షిక నివేదికలో సగర్వంగా ప్రకటించారు. పుస్తకాలన్నిటినీ అద్దాల బీరువాల్లో పెట్టి తాళాలు వేసి, ఆ తాళంచెవులను మరో బీరువాలో పెట్టి దానికీ తాళం వేసిన గ్రంథాలయాధికారి దూరదృష్టి వల్లనే ఇది సాధ్యమైందని పెద్దలు కొనియాడారు. అంతా సవ్యంగా సాగిపోతున్న ఆ సమయంలో, పుస్తకం చదవాలనే దురుద్దేశంతో ఒక ఫ్రిజ్ మెకానిక్ ఆ గుమ్మం తొక్కాడు.

నిజానికి తప్పు అతనిది కాదు, వాళ్లక్కది. ఆవిడ ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పి రిటైరైంది. చూపు ఏటికేడు మందగించి, ఇప్పుడు కిటికీ ఎటు ఉందో తెలిసేంత వెలుగు మాత్రమే మిగిలింది. ఒకరోజు తమ్ముడు టీ గ్లాసు చేతికందిస్తుంటే అడిగింది.

“ఒరేయ్, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక యంత్రం శనిగ్రహం దగ్గరికి వెళ్లింది. బోర్డు మీద బొమ్మేసి మరీ పిల్లలకి చెప్పాను. తర్వాత సిలబస్ మారింది, దాని ఊసే ఎత్తేశారు. అక్కణ్నుంచి అది ఎటు పోయిందో, ఏం చూసిందో, మంచి పుస్తకం ఏదైనా ఉంటే తెచ్చి చదివి పెట్టరా.”

“ఫోన్లో వింటే పోలా, అక్కా?”

“విన్నాను. అది పంపిన ఫొటోలు చూసి శాస్త్రవేత్తలు వణికిపోయారంది. ఎందుకు వణికారో చెప్పకుండా జుట్టు మొలిపించే నూనె గురించి చెప్పింది.”

ముందు పుస్తకాల షాపుకి వెళ్లాడు. యజమాని మర్యాదస్తుడు. “మీ సోఫా ఏ రంగండీ? అట్ట దానికి నప్పాలి కదా!” అని అడిగాడు. గ్రహాల గురించి కావాలంటే మూడు తీసి బల్లమీద పెట్టాడు. మొదటిదాంట్లో శనిగ్రహం కళ్లజోడు పెట్టుకుని నవ్వుతోంది. రెండోది, ఆఫీసులో గురుగ్రహమంత ఎత్తుకి ఎదగడమెలాగో బోధిస్తోంది. మూడోది నిఖార్సుగా అంతరిక్ష నౌకల గురించే. కాకపోతే పదకొండుమంది ప్రముఖులు ముందుమాటలు రాశారు. రచయిత తమకెంత కాలంగా తెలుసో వాళ్లంతా చెప్పి ముగించేసరికి, నౌక బయల్దేరడానికి నాలుగు పేజీలే మిగిలాయి.

“వీటిలో ఏది మంచిదండీ?”

“అన్నీ మంచివే. బాగాలేదని ఇంతవరకు ఒక్కరూ చదివి చెప్పలేదు.”

అలా అతను గ్రంథాలయం చేరాడు. అక్కడిచ్చిన ఫారంలో ‘పుస్తకం దేనికి?’ అన్న ప్రశ్నకి ప్రదర్శన, బహూకరణ, లెక్కింపు అని మూడు గడులున్నాయి. చదవడానికి గడి లేదు. అతను పక్కన పెన్నుతో ఆ మాట రాశాడు. చరిత్రలో ఎన్నడూ ఎరగని ఈ కోరికను సలహా సంఘం ముందుంచారు. అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు.

“సభ్యులారా! ఇవి బాహ్య గ్రహాలు. అంటే బయటివి. బయటివాటి గురించి లోపలివాళ్లం నిర్ణయించవచ్చునా? ఇది లోతుగా ఆలోచించవలసిన విషయం.”

మూడు సమావేశాలపాటు లోతుగా ఆలోచించి, పుస్తకం భవనం దాటరాదన్న షరతుతో అనుమతించారు. తీరా చూస్తే తాళంచెవుల బీరువా తాళంచెవి కనిపించలేదు. మెకానిక్ స్క్రూడ్రైవరు తీసి రెండు నిమిషాల్లో తెరిచాడు. అధికారి ఆగ్రహించి, అతని ఫోన్ నంబరు రాసుకున్నాడు. అధికారి ఇంట్లో ఫ్రిజ్ నెలరోజులుగా నీళ్లు కారుతోంది.

పుస్తకం మాత్రం బంగారం. ముందుమాటల్లేవు. మొదటి వాక్యంలోనే యంత్రం బయల్దేరింది.

మర్నాడు అక్కని చెయ్యిపట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టి, చదవడం మొదలెట్టాడు. అధికారి పరుగున వచ్చి ‘నిశ్శబ్దం’ బోర్డు చూపించాడు.

“మనసులో చదువుకోవయ్యా.”

“నా మనసులోది మా అక్కకి ఎలా వినపడుతుందండీ?”

దీనికి నిబంధనల్లో జవాబు లేదు. అతను చదువుతూనే ఉన్నాడు. ఫ్యాన్ల కింద క్రమం తప్పకుండా నిద్రపోయే నలుగురు పెద్దమనుషులు ముందు ఒక కన్ను, తర్వాత రెండోది తెరిచారు.

శనిగ్రహం దగ్గర అతని గొంతు మారింది. “అక్కా, విను! కెమెరాలున్న తలకాయ తిరగకుండా బిగుసుకుపోయిందట. లోపల కందెన తగ్గింది. ఇక్కడ కూర్చునే దాన్ని వేడెక్కించి, చల్లార్చి, మెల్లమెల్లగా కదిపి దారికి తెచ్చారు. నూట యాభై కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి సర్వీసింగు! నేను పక్కవీధికి రమ్మంటేనే రేపంటాను.”

అక్క బోర్డు ముందు నిలబడ్డప్పటిలా నిటారుగా అయింది. “తర్వాత?” అంది. ఫ్యాను కింది పెద్దమనిషి కూడా “తర్వాత?” అన్నాడు. వారం తిరిగేసరికి అక్కడ కుర్చీలు చాల్లేదు.

జనం గుమిగూడారన్న వార్త పైకి పాకింది. పఠనాభివృద్ధి కోసం వెంటనే పఠన మందిరాన్ని మూసి, అక్కడే పఠనోత్సవ సభ ఏర్పాటు చేశారు. ఆఖరి అధ్యాయం మిగిలుండగా అక్కాతమ్ముళ్లని వేదికెక్కించి శాలువాలు కప్పారు. “ఆ మిగిలింది చదవనివ్వండి బాబూ,” అంది అక్క. వక్తలు ఎనిమిదిమంది ఉన్నారని, సమయం లేదని అధ్యక్షుడు సవినయంగా తెలియజేశాడు.

మూడో వక్త పుస్తకాన్ని దీపంతో, దీపాన్ని తనతో పోలుస్తుండగా, తమ్ముడు శాలువా చాటున పుస్తకం తెరిచి అక్క చెవిలో చదవసాగాడు. యంత్రం నెప్ట్యూన్ చేరింది. దాని చందమామ మీద సున్నాకి రెండొందల ముప్పై అయిదు డిగ్రీల కిందికి చలి. ఏ ఫ్రిజ్జూ ఎరగని ఆ చలిలో, గడ్డకట్టిన నేలలోంచి నల్లటి ఫౌంటెన్లు ఆకాశంలోకి ఎగజిమ్ముతున్నాయి! అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. అది చూసి సభంతా చప్పట్లతో మారుమోగింది. వక్త ఉప్పొంగిపోయి మరో అరగంట మాట్లాడాడు. అక్కకి ఏమీ ఇబ్బంది కలగలేదు. అప్పటికి ఆవిడ యంత్రంతోపాటు సౌరమండలం సరిహద్దు దాటుతోంది.

సభ ముగిశాక వందలమంది వరుసకట్టి పుస్తకంతో ఫొటోలు దిగారు. అట్ట మీద వేళ్లు అడ్డంపడినా ఎవరూ పట్టించుకోలేదు. ఇంత గొప్ప పుస్తకం ఊళ్లో ఉన్నందుకు అందరూ పొంగిపోయారు. దాని పేరేమిటని మాత్రం ఒక్కరూ అడగలేదు.

వాళ్లని అని ఏం లాభం? ఇంతసేపూ చదివిన మీరు మాత్రం అడిగారా?