తీసేసిన ఒకటి

మార్చి పదకొండు. మధ్యాహ్నం ఉడికించిన గుడ్లు రెండు, ఒక బ్రెడ్డు ముక్క తిన్నాను. సాయంత్రానికల్లా మా భవనం గేటుకు నంబర్ లాక్ పడింది. మనిషి జన్మకు ఇంతకన్నా సుఖం ఉందా? లేదు!

నాలుగంకెల తాళాలు అల్పులవి. మాది 2147483647. ఎంచినది మా అసోసియేషన్ సెక్రటరీ, రిటైరైన లెక్కల మాస్టారు.

"మనవి ముప్పై ఒక్క ఫ్లాట్లు కదండీ. రెండును ముప్పై ఒక్కసార్లు రాసి, అన్నిటినీ గుణించి, ఒకటి తీసేయండి. ప్రధాన సంఖ్య! ఒకటితో, తనతో తప్ప దేనితో భాగించినా శేషం మిగులుతుంది. దొంగ తలకిందులుగా తపస్సు చేసినా దీన్ని చీల్చలేడు!"

"దొంగ చీలుస్తాడా మాస్టారూ, నొక్కుతాడు గానీ?"

"మీరు హిస్టరీ చదివారు. ఊరుకోండి."

ఈ తాళంతో లాభాలు చూడండి! రెండో అంతస్తు భార్యాభర్తలు ఏళ్ల తరబడి మాటల్లేకుండా ఉన్నారు. ఇప్పుడు ఆయనకు మొదటి అయిదంకెలు, ఆవిడకు చివరి అయిదంకెలు గుర్తుంటాయి. చచ్చినట్టు ఇద్దరూ కలిసే ఇంటికొస్తున్నారు! మూడుసార్లు తప్పు నొక్కితే పది నిమిషాలు గేటు తెరుచుకోదు. ఇరుగుపొరుగు మొహాలు మేం తొలిసారి చూసుకున్నది ఆ పది నిమిషాల్లోనే.

అయినా కొందరు నసుగుతుంటే, మర్నాడు పొద్దున మాస్టారే ఆ సంఖ్యను ఇంతింత అంకెలతో అట్ట మీద రాసి తాళం పక్కన అంటించారు. కింద ఎర్ర సిరాతో: "రహస్యం. బయటివారు చదవరాదు."

ఇంక భద్రతకు లోటేముంది?

మా ఆవిడ పోయాక, నాలుగేళ్లుగా వీధి చివరి టైలరు రోజూ అయిదింటికి చదరంగం ఆడటానికి వస్తున్నాడు. పన్నెండున రాలేదు. పదమూడునా రాలేదు. ఫోను చేస్తే మిషను చప్పుడులో అతనికి వినపడదు. అలిగాడేమో అనుకున్నాను. పధ్నాలుగున కిందికి దిగితే, గేటు బయట అట్టకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు.

"నంబరు నీ వెనకాలే ఉంది కదయ్యా!"

"చదవకూడదన్నారు కదండీ. పొరపాటున కళ్లు పడతాయని ఇటు తిరిగాను."

"మూడు రోజుల్నుంచీనా?"

"ఆరింటిదాకా చూసి పోతున్నా. మీ ఏనుగు ఇంకా అపాయంలోనే ఉంది, మర్చిపోకండి."

మాస్టారు లెక్కలోంచి తీసేసిన ఆ ఒకటి ఎవరో అప్పుడు తెలిసింది నాకు.

అదే వారం ఎవరో చక్కగా అట్ట చదువుకుని లోపలికొచ్చి మాస్టారి సైకిలు తీసుకుపోయారు. సంఖ్య మాత్రం చీలలేదని మాస్టారు మురిసిపోయారు.

ఇప్పుడు రోజూ అయిదుకు పది నిమిషాల ముందే కిందికి దిగి, గేటుకు ఇటుక అడ్డం పెట్టి కూర్చుంటున్నాను. ఆట ముగిశాక అతన్ని సాగనంపుతూ, ఇటుక అలాగే ఉండనీ అంటాను.

"వద్దండీ, అసలే దొంగలు" అని ఇటుక పక్కకు జరిపి, బయటికి వెళ్లి, చప్పుడు కాకుండా గేటు లాగుతాడు. తాళం పడిందో లేదో ఒకసారి నెట్టి చూసి మరీ వెళ్తాడు.