ప్రామాణిక ఛాతీ

సొంత నేలలోని చెట్టు విలువ సొంతదారుకు తెలియదన్న సూత్రం మీదే నాగరిక పాలన నిలబడి ఉంది. వడ్రంగికి ఆ సంగతి తెలియదు. చెట్టును ఒక్క చూపు చూసి ఎన్ని దూలాలొస్తాయో చెప్పగలడు కనుక, తనకు తెలుసనుకున్నాడు.

పెరట్లో తొమ్మిది టేకు చెట్లున్నాయి. ఇంట్లో దూలాలకు చెద పట్టింది. వానలకు రెండు నెలలుంది. అటవీ శాఖ ఇచ్చే విలువ పత్రం లేకుండా చెట్టు కొడితే జైలు.

“ఊరందరికీ కప్పులు ఎక్కించావు. మన నెత్తి మీదికి ఎప్పుడయ్యా?” అంది భార్య.

“ఆగవే, కొలతలాయన రేపొస్తున్నాడు.”

వచ్చాడు (దరఖాస్తు పెట్టిన ఆరో నెలలో, అంటే అత్యవసరంగా). చుట్టుకొలత ఛాతీ ఎత్తులో తీయాలని నిబంధన. ఎవరి ఛాతీ అన్నది అందులో లేదు. ఆయన పొడగరి. తన ఛాతీ దగ్గర టేపు చుట్టాడు. తనిఖీకి వచ్చిన పై అధికారి పొట్టి. ఆయన ఛాతీ దగ్గర అదే చెట్టు నాలుగంగుళాలు ఎక్కువ లావుంది.

“మధ్యలో చుట్టెయ్యండి సార్,” అన్నాడు వడ్రంగి.

“మధ్యలో ఎవరి ఛాతీ ఉందయ్యా?”

“నాదుంది సార్.”

“నువ్వు దరఖాస్తుదారువి. నీకు ఛాతీ ఉండకూడదు.”

ఫైలు పైకి వెళ్లింది. సంఘం వేశారు. నూట నలభై మంది ఉద్యోగులను గోడకు నిలబెట్టి కొలిచి, ఒక గుమాస్తాను ప్రామాణిక ఛాతీగా నియమించారు (జీపు, ప్రయాణ భత్యం అదనం). బయలుదేరే వారంలో ఆయనకు నడుం పట్టేసింది. మనిషి వంగిపోయాడు. దాంతో శాఖ ప్రామాణికం మూడంగుళాలు దిగింది. అంతకుముందు కొలిచిన చెట్లన్నీ మళ్లీ కొలవాలని ఉత్తర్వులొచ్చాయి.

వానలొచ్చాయి. రెండో వానకు ఇంటి కప్పు కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ వేళకు వడ్రంగి పనిలో ఉన్నాడు, భార్య విలువ పత్రం కోసం ఆఫీసు వరుసలో నిలబడి ఉంది (ఆమె ప్రాణం కాపాడిన ఘనతను శాఖ వార్షిక నివేదికలో రాసుకుంది).

టేకు చెట్లకు టార్పాలిన్ కట్టి, దాని కింద కాపురం పెట్టారు. వానలు వెనకబట్టాక కొత్త కొలతలాయన వచ్చాడు. టేపు తీయలేదు. పొయ్యి చూశాడు, మంచం చూశాడు, కొమ్మకు ఆరేసిన చీర చూశాడు. ఏదో రాసుకున్నాడు.

“ఏం రాశారండీ?” అంది భార్య.

చదివి వినిపించాడు. “సదరు తొమ్మిది చెట్లు దరఖాస్తుదారు ఇంటికి స్తంభాలుగా ఉన్నవి. నివాస గృహానికి కలప విలువ కట్టరాదు. ఇల్లు దృఢంగా ఉన్నది. మరమ్మతు అవసరం లేదు.”